ఎండాకాలం, బోరు నీళ్లు, పేలిన సీసా: అనంతపురంలో ఒక కొంబుచా కేసు

నేపథ్యం

ఈ కేసు అనంతపురం పట్టణంలో ఒక ఇంటిది. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. నీళ్లు, కొలతలు, వేడి, రోజుల లెక్క మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. కేసంతా వాటి మీదే నడిచింది.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. పై అంతస్తులో అద్దె ఇల్లు, పైన మిద్దె, పగలంతా ఎండ. ఇంట్లో పులియబెట్టేవాళ్లకు సలహాలిచ్చే మమ్మల్ని వాళ్లు మొదట అడిగింది ఇంట్లో బీరు తయారు చేసుకోవడం గురించి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదు కాబట్టి ఆ దారి మూసేసి కొంబుచా వైపు మళ్లించాం. నేర్చుకోవాల్సిన పని దాదాపు ఒకటే. తోడు చూసుకోవాలి, చక్కెర లెక్క తెలియాలి, వేడిని అదుపులో పెట్టాలి, సీసాలో గ్యాసు కట్టాలి.

కొంబుచా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తీపి టీ డికాక్షన్‌లో ఈస్టు, ఆమ్లాన్ని పుట్టించే బ్యాక్టీరియా కలిసి బతుకుతాయి. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు, గ్యాసు ఇస్తుంది. బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును చాలావరకు పులుపుగా మారుస్తుంది. పైన మీగడలా తేలే మందపాటి పొరను స్కోబీ అంటారు. చూపంతా దాని మీదే పోతుంది గానీ అసలు తోడు ఆ పొర కాదు, కిందటి విడత పుల్లటి ద్రవం. పెరుగుకు చేమిరి ఎలాగో దీనికి ఆ ద్రవం అలాగ.

వాళ్ల ఏర్పాటు ఇది. కింద ప్లాస్టిక్ కుళాయి ఉన్న 5 లీటర్ల గాజు జాడీలు రెండు. ఒక్కో జాడీకి 4 లీటర్ల నీళ్లు, 24 గ్రాముల టీపొడి, 280 గ్రాముల చక్కెర, 400 మి.లీ. తోడు. టీపొడిని పది నిమిషాలు ఉంచి వడకట్టి, చక్కెర కరిగించి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగి తోడు పోసేవారు. మూతికి పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండు. డిసెంబరులో మొదలుపెట్టారు. గది 23 నుంచి 26 డిగ్రీలు. తొమ్మిదో రోజుకు తీపీ పులుపూ సమంగా వచ్చేవి. క్లిప్పు మూత ఉన్న 500 మి.లీ. గాజు సీసాల్లో అల్లం ముక్కలతో నింపి, రెండు రోజులు వంటింటి అటక మీద ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేవారు. ఫిబ్రవరి ఆఖరుదాకా ఒక్క విడత కూడా చెడలేదు.

మొదటి ఇబ్బంది: బూజు

మార్చి రెండో వారంలో రెండు జాడీల మీదా బూజు పట్టింది. పారబోసి, జాడీలు కడిగి, దాచుకున్న తోడుతో మళ్లీ పెట్టారు. ఆరో రోజుకు మళ్లీ బూజే.

ముందు అది బూజేనా అని తేల్చుకోవాలి. కొత్తగా కట్టే పొర తెల్లగా, తడిగా, నున్నగా ఉంటుంది. కింద వేలాడే గోధుమరంగు పోగులు ఈస్టు, వాటితో భయం లేదు. పైన పలచగా, ముడతలు ముడతలుగా తెల్లటి తెట్టు కడితే అది మరో రకం ఈస్టు. రుచి చెడుతుంది తప్ప ప్రమాదం తక్కువ. బూజు మాత్రం పొర పైభాగాన, గాలి తగిలేచోట, పొడిగా నూగునూగుగా గుండ్రటి మచ్చల్లా వస్తుంది. ఆకుపచ్చ, బూడిద, నలుపు రంగు తిరుగుతుంది. వాళ్లు పంపిన ఫొటోలో అంచున ఆకుపచ్చ నూగు స్పష్టంగా ఉంది. బూజు పట్టినదాన్ని గీకి వాడుకోకూడదు. పొర, ద్రవం అన్నీ పారబోయాలి, ఆ విడత నుంచి తోడు తీసి దాచకూడదు.

ఇంట్లో రకరకాల అనుమానాలు. గుడ్డ మురికిదని, ఫ్యాను గాలి అని, పక్కన ఊరగాయ జాడీ ఉందని. పెద్దావిడ అయితే ఆవకాయ జాడీకి పెట్టే ఆంక్షే దీనికీ పెట్టి, నెలలో కొన్ని రోజులు కోడలిని జాడీలు పెట్టిన గూటి వైపు రానివ్వలేదు. ఈ విషయం కేసులో రాయడానికి కారణం ఉంది. ఇంట్లో పులియబెట్టేది ఏది చెడినా మన ఇళ్లలో ముందు ఆడవాళ్ల మీదకే మాట వస్తుంది, అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ ఆ మాటకు జవాబు చెప్పింది వాదన కాదు, పీహెచ్ మీటరు. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ.

డిసెంబరుకూ మార్చికీ మధ్య ఏం మారిందని ఒక్కొక్కటే అడిగాం. టీపొడి అదే, చక్కెర అదే, గుడ్డ ఉతుకుతున్నారు. నీళ్లు మారాయి. అప్పటిదాకా 20 లీటర్ల ఆర్వో క్యాన్ నీళ్లు వాడేవారు. ఎండలు ముదిరి క్యాన్లు సరిగా రాకపోయేసరికి, ఎలాగూ మరిగిస్తున్నాం కదా అని బోరు నీళ్లకు మారారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. క్షారత, అంటే పులుపును విరిచే గుణం, మాత్రం పూర్తిగా పోదు. అది ఎక్కువగా బైకార్బనేట్ లవణాలది. సున్నపు రకం బైకార్బనేట్ అయితే మరిగినప్పుడు గిన్నెకు తెల్లగా పట్టి కొంత తగ్గుతుంది. సోడియం రకం అయితే గిన్నెకు ఏమీ పట్టదు, నీళ్లలోనే ఉండిపోతుంది. వీళ్ల గిన్నెకు తెల్లపొర పెద్దగా లేదు. అనుమానం అక్కడే బలపడింది.

నీటి పరీక్ష కాగితంలో క్షారత లీటరుకు 430 మి.గ్రా. అని ఉంది. లెక్క కట్టి చూస్తే 4 లీటర్ల ఆ నీళ్లు దాదాపు 2 గ్రాముల ఎసిటిక్ ఆమ్లాన్ని విరిచేస్తాయి. బాగా పులిసిన తోడులో లీటరుకు 8 గ్రాముల ఆమ్లం ఉందనుకుంటే, 400 మి.లీ.లో ఉండేది 3.2 గ్రాములు. అందులో 2 గ్రాములను నీళ్లే మింగేశాయి. తోడు పోశామన్న మాటే గానీ, బూజును ఆపే పులుపు మొదటిరోజు జాడీలో లేదు.

లెక్కను నమ్మి ఊరుకోకుండా లీటరు సీసాలు మూడు పెట్టించాం. ఆర్వో నీళ్లు, పది శాతం తోడు: పీహెచ్ 3.7. బోరు నీళ్లు, పది శాతం తోడు: 5.0. బోరు నీళ్లు, ఇరవై శాతం తోడు: 4.4. మొదటిరోజు పీహెచ్ 4.5 కింద ఉండాలి, 4.2 కింద ఉంటే నిశ్చింత. బూజు వస్తుందో రాదో చూడటానికి వారం ఆగనక్కరలేదు, తోడు కలిపిన ఐదు నిమిషాలకే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ రోజు మీటరు పట్టుకుని కొలిచింది కోడలే, పక్కన కూర్చుని చూసింది పెద్దావిడే.

మీటరు గురించి ఒక మాట. కాగితం పట్టీలు టీ రంగు పట్టి తప్పు చూపిస్తాయి. తక్కువ ధర డిజిటల్ మీటరైనా చాలు, కానీ వాడేముందు 4.01, 6.86 ద్రావణాల్లో సరిచూసుకోవాలి. మొన కడిగి, దాంతోపాటు వచ్చే నిల్వ ద్రావణంలో పెట్టాలి. ఎండబెడితే రెండు నెలల్లో అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది.

మా సలహాలో జరిగిన తప్పు

ఇక్కడ రెండు దారులున్నాయి. ఆర్వో నీళ్లకు తిరిగి వెళ్లడం, లేదా బోరు నీళ్లతోనే ఉండి తోడు ఇరవై శాతానికి పెంచడం. క్యాన్ల రాక నమ్మకంగా లేదు, రెండో దారిలో ఖర్చు లేదు, 4.4 హద్దులోపలే ఉంది. రెండోదే చెప్పాం. బూజు ఆగింది. రెండు విడతలు శుభ్రంగా వచ్చాయి.

అయితే ఆ 800 మి.లీ. తోడు జాడీలో ఎక్కడినుంచి తీస్తున్నారని అడగలేదు. జాడీకి కుళాయి ఉంది కాబట్టి కుళాయి తిప్పి పట్టుకుంటున్నారు. కుళాయి ఉండేది అడుగున. అడుగున పేరుకునేది ఈస్టు మడ్డి. పులుపునిచ్చే బ్యాక్టీరియా గాలి కావాల్సినవి, పైభాగాన పొర దగ్గర ఎక్కువ ఉంటాయి. అంటే ప్రతి విడతకూ పైవాళ్లను వదిలేసి అడుగువాళ్లను ముందుకు పంపుతూ పోయాం. పది శాతమప్పుడూ అలాగే తీసేవారు, కానీ చలికాలం కాబట్టి పెద్దగా తేడా కనిపించలేదు. మోతాదు రెట్టింపై, గది వేడి కూడా పెరిగేసరికి జాడీ స్వభావమే మారింది.

రెండో ఇబ్బంది: పేలుడు

ఏప్రిల్ మూడో వారం. గదిలో మధ్యాహ్నం 35, 36 డిగ్రీలు, రాత్రి 31. ఐదో రోజుకే రుచి వచ్చేసిందని సీసాలు నింపారు. ఈసారి సగం సీసాల్లో అల్లం, సగంలో చీనీ (బత్తాయి) రసం. ఎప్పటిలాగే అటక మీద పెట్టారు. రెండోరోజు సాయంత్రం ఫోన్ వచ్చింది.

“అన్నా, సీసా పేలిపాయ. గాజు ముక్కలు పొయ్యి దాకా వచ్చినాయి. మిగతావి దించాలంటే భయమైతాంది.”

“దించొద్దమ్మా, ముట్టుకోవద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానీకు.”

అదృష్టం, ఆ సమయానికి వంటింట్లో ఎవరూ లేరు. మిగతా సీసాల విషయంలో ఏం చేయించామో వివరంగా రాస్తాం, ఎవరికైనా ఆ అవసరం పడవచ్చు. ఒత్తిడి నిండిన సీసాను వేడిగా ఉండగా కదిలించకూడదు. హెల్మెట్ అద్దం దించుకుని, నిండు చేతుల మందపాటి చొక్కా, చేతికి తోలు గ్లవుజులు వేసుకుని, తడిపిన మందపాటి దుప్పటిని సీసాలన్నిటి మీదా కప్పాలి. దాని మీద ఐస్ ముక్కలు పరిచి, ఫ్యాను వేసి, తలుపు మూసి మూడు నాలుగు గంటలు వదిలేయాలి. ద్రవం చల్లబడితే గ్యాసు కొంత దానిలోకి తిరిగి కరుగుతుంది, సీసా గోడల మీద ఒత్తిడి పడిపోతుంది. ఆ తర్వాత ఒక్కో సీసానూ తువ్వాలుతో చుట్టి, మొహానికి దూరంగా, సింకులో క్లిప్పును కొద్దికొద్దిగా వదలాలి. అలాగే చేశారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

కారణం వెతకడం

ఒక చిన్న అలవాటు ఇక్కడ ఎంతో పనికొచ్చింది. ఏ సీసాలో అల్లం, దేంట్లో చీనీ అన్నది గుర్తుకోసం ఆమె నెయిల్ పాలిష్‌తో నింపిన వరసలో నంబర్లు వేసింది. మొదటి జాడీ నుంచి ఏడు సీసాలు. పేలింది 1. తెరవగానే సగం చిమ్మేసినవి 2, 3. నాలుగు, ఐదు బలంగా పొంగాయి. 6, 7 మామూలుగా ఉన్నాయి. అల్లం, చీనీ తేడాతో ఈ వరస కలవలేదు. నింపిన వరసతో కలిసింది. కుళాయి తిప్పగానే ముందు వచ్చేది మడ్డి. అది మొదటి సీసాలకే పోయింది.

రెండో ఆధారం చక్కెర. జాడీ అడుగున మిగిలిన ద్రవాన్ని హైడ్రోమీటరుతో కొలిపించాం. ద్రవంలో తేలుతూ అది ఎంత చిక్కగా ఉందో చూపే గొట్టం ఇది. మంచినీళ్లకు 1.000 చూపిస్తుంది, చక్కెర ఉన్నకొద్దీ అంకె పెరుగుతుంది. కొలిచేముందు ద్రవాన్ని రెండు గ్లాసుల మధ్య, టీ ఆర్చినట్టు ఇరవైసార్లు తిరగబోయాలి. గ్యాసు బుడగలు మీటరుకు అంటుకుంటే అది పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. ఇంకొకటి, ఈ మీటర్లు చాలావరకు 20 డిగ్రీలకు సరిచేసినవి. మన ఏప్రిల్ గదిలో 34 డిగ్రీల ద్రవంలో ముంచితే దాదాపు నాలుగు పాయింట్లు (0.004) తక్కువ చూపిస్తుంది. మీటరు చూపించింది 1.013, అసలుది 1.017. ఈ తేడా తెలియకపోతే చక్కెర చాలా అయిపోయిందని మోసపోతాం.

1.017 అంటే లీటరుకు ఇంకా సుమారు 40 గ్రాముల చక్కెర. లీటరు పానీయంలో లీటరు గ్యాసు కరిగితే దాన్ని ఒక వాల్యూమ్ అంటారు. ఒక వాల్యూమ్ గ్యాసు కట్టడానికి లీటరుకు 4 గ్రాముల చక్కెర చాలు. 40 గ్రాములు పూర్తిగా పులిస్తే పది వాల్యూమ్‌లు. బజారు కూల్‌డ్రింకులో ఉండేది మూడున్నర, నాలుగు. చూడటానికి ముద్దొచ్చే క్లిప్పు సీసాలు చాలావరకు నూనె, షర్బత్‌ల కోసం చేసినవి. ఒత్తిడి కోసం చేసినవి కావు.

మూడోది వేడి. రెండున్నర వాల్యూమ్‌ల గ్యాసు 5 డిగ్రీల ఫ్రిజ్‌లో ముప్పావు బార్ ఒత్తిడి పెడుతుంది. అదే గ్యాసు, అదే సీసా, 35 డిగ్రీల అటక మీద మూడు బార్ దాటుతుంది. మోటారు సైకిలు టైరులో కొట్టించుకునేది రెండు బార్ చిల్లర. గ్యాసు ఐదు వాల్యూమ్‌లకు చేరితే 35 డిగ్రీల దగ్గర ఏడు బార్ పైమాటే.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది చలికాలం సీసాలు. అవి ఎందుకు పేలలేదు? అప్పుడు చక్కెర తక్కువ మిగిలిందా? తర్వాతి డిసెంబరులో అదే పాత పద్ధతిలో ఒక జాడీ పెట్టి తొమ్మిదో రోజున కొలిపించాం. 1.016. దాదాపు అంతే. సీసాను పేల్చగల చక్కెర డిసెంబరులోనూ సీసాలోనే ఉంది. 24 డిగ్రీల్లో రెండు రోజుల్లో ఈస్టు దానిలో కొంచెమే తినగలిగింది, ఈలోపు ఫ్రిజ్ ఎక్కింది. అన్నాళ్లూ ఆ ఇంటిని కాపాడింది పద్ధతి కాదు, చలి. నాలుకకు పులుపు తగిలింది కాబట్టి చక్కెర అయిపోయిందనుకోవడం అసలు పొరపాటు. పులుపు ఆమ్లం ఎంత చేరిందో చెబుతుంది. చక్కెర ఎంత మిగిలిందో చెప్పదు.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట సీసాలను రోజూ రెండుసార్లు తెరిచి గాలి వదలమన్నాం. అల్లం తునకల చుట్టూ గ్యాసు ఒక్కసారిగా లేచి ద్రవం గోడల దాకా చిమ్మేది. చిమ్మనిది చప్పబడేది. పైగా ఒక పూట మరిచిపోతే చాలు, మళ్లీ అదే ప్రమాదం. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడే జాగ్రత్త గాజు సీసాకు సరిపోదు.

తర్వాత బయట ఉంచే సమయాన్ని రెండు రోజుల నుంచి పన్నెండు గంటలకు తగ్గించాం. కొన్ని చప్పగా, కొన్ని భయపెట్టేంత గట్టిగా వచ్చాయి. మడ్డి సమంగా కలవకుండా గంటల లెక్క పెట్టుకుని లాభం లేదు.

జాడీనే ఫ్రిజ్ కింది అరలో పెడితే ఎలా ఉంటుందని వాళ్లే ఒకసారి చేసి చూశారు. వారమైనా పీహెచ్ కదల్లేదు. అంత చలిలో పులుపునిచ్చే బ్యాక్టీరియా పని మానేస్తుంది. పైపొర ఎదగదు, తీపి అలాగే ఉంటుంది. బయటకు తీశాక అన్నీ మళ్లీ మొదటికి.

పనిచేసినవి

నీళ్లు. మళ్లీ ఆర్వోకే వెళ్లాం. రెండు జాడీలకు విడతకు 8 లీటర్లు, అంటే ఒక క్యానుతో రెండు విడతలు. క్యాను రాని వారం విడత పెట్టకపోవడమే మేలని తేల్చుకున్నారు. ఇరవై శాతం తోడుతో నీటి లోపాన్ని కప్పిపుచ్చాలనుకోవడం మొదటే తప్పు.

తోడు. మోతాదు పదిహేను శాతం. కుళాయి నుంచి కాదు. సీసాలు నింపకముందే, పొరను పక్కకు జరిపి, పైనుంచి గరిటెతో తీసి వేరే గాజు పాత్రలో పెట్టుకోవాలి. అడుగు మడ్డిని ప్రతి రెండో విడతకు కడిగేయాలి. నాలుగో విడతకల్లా వాసనలో తేడా తెలిసింది. రొట్టె పిండి వాసన తగ్గి, శుభ్రమైన పులుపు వాసన వచ్చింది. ఇదికాక ఒక లీటరు తోడును ఎప్పుడూ విడిగా, గది వేడిలోనే ఉంచుకోవాలి. బూజు పట్టి ఒక జాడీ పోతే మళ్లీ కొనుక్కోనక్కరలేదు.

వేడి. ఏసీ లేదు. కానీ అనంతపురానికి కోస్తాకు లేని ఒక వసతి ఉంది, పొడిగాలి. 40 డిగ్రీలు, ఇరవై శాతం తేమ ఉన్న గాలిలో తడిగుడ్డ 22, 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. కుండలో నీళ్లు చల్లబడేది అందుకే. వెడల్పు బేసిన్‌లో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి, దానిలో జాడీ నిలబెట్టి, పాత నూలు పంచెను జాడీ చుట్టూ చుట్టి, అంచు నీళ్లలో మునిగేలా వదిలాం. ఫ్యాను చిన్న వేగంలో, పక్కనుంచి. ఇల్లంతా కడప బండలు పరిచిన నేల, మూల గదిలో కింద పెడితే ఇంకా నయం. గది 36 ఉన్నప్పుడు జాడీలో ద్రవం 28. పొద్దునా సాయంత్రం బేసిన్‌లో నీళ్లు పోయడం తప్ప వేరే పని లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. పంచె మూతిగుడ్డకు తగలకూడదు. ఒకసారి తగిలి మూతిగుడ్డ తడిసింది, రెండు రోజులకే దాని మీద నల్లటి చుక్కలు మొదలయ్యాయి. జాడీ భుజానికి రెండంగుళాల కిందే పంచెను తాడుతో కట్టమన్నాం. గోనెపట్టా కూడా పనిచేస్తుంది గానీ నానితే వాసన వస్తుంది.

చక్కెర. లీటరుకు 70 గ్రాముల నుంచి 60కి తగ్గించాం. 28 డిగ్రీల్లో ఏడు రోజులు పులియనిచ్చాం. ఇంకా తగ్గిస్తే పొర పలచబడి, పులుపు రావడం ఆలస్యమైంది. 60 దగ్గర ఆగాం.

సీసాలో వేసే రసం. మునుపు చీనీ రసం గరిటెలతో ఉజ్జాయింపుగా పోసేవారు. చీనీ రసంలో సుమారు ఎనిమిది, తొమ్మిది శాతం చక్కెర ఉంటుంది. 500 మి.లీ. సీసాకు 25 మి.లీ. రసం పోస్తే సుమారు 2 గ్రాముల చక్కెర, అంటే ఒక వాల్యూమ్ గ్యాసు. దగ్గుమందు సీసాతో వచ్చే కొలత కప్పు దీనికి సరిపోయింది. అల్లాన్ని ముక్కలుగా కాక దంచి, రసం పిండి, వడకట్టి వేస్తే చిమ్మడం బాగా తగ్గింది. గ్యాసు బుడగ పుట్టడానికి తునక అంచు కావాలి, అది లేకుండా చేశాం.

నింపడం. తోడు తీసుకున్నాక జాడీని పొడవాటి స్టీలు గరిటెతో అడుగుదాకా నెమ్మదిగా కలిపి, మడ్డి సమంగా పరుచుకున్నాక నింపాలి. మూతి కింద రెండు వేళ్ల జాగా వదలాలి.

సీసాలు. ఈ కేసులో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. గాజు పూర్తిగా మానేసి, వాడేసిన కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలకు మారాం. మంచినీళ్ల సీసాలు కాదు, అవి పలచన. కూల్‌డ్రింకు సీసా ఆ ఒత్తిడికోసమే చేసినది, అడుగు ఐదు కాళ్లుగా విడిపోయి ఉంటుంది. మూత కూడా దానిదే ఉండాలి. అవి పేలినా గాజులా పెంకులు చిమ్మవు. ఇంకొక లాభం, చేత్తో నొక్కి చూడవచ్చు. నింపినప్పుడు బొటనవేలికి మెత్తగా లొంగుతుంది. కొత్త కూల్‌డ్రింకు సీసా అంత గట్టిపడి, వేలు దిగకపోతే వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, గంటలు చూడనక్కరలేదు. ఏప్రిల్‌లో అది పద్దెనిమిది గంటలకే వచ్చింది, డిసెంబరులో మూడు రోజులు పట్టింది. వేడినీళ్లతో కడిగితే ఈ సీసాలు వంకర పోతాయి. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, ఆపై మంచినీళ్లు చాలు. గీతలు పడ్డవి పారేయాలి.

ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ ఆఖరు దాకా ఆరు విడతలు. మొదటిరోజు పీహెచ్ 3.6కూ 3.9కీ మధ్య. బూజు లేదు, చిమ్మడం లేదు. ఒక జాడీ మాత్రం చిన్న ఈగల వల్ల పోయింది. మూతిగుడ్డ నేత వదులుగా ఉండి లోపల గుడ్లు పెట్టాయి. దగ్గర నేత ఉన్న పాత పంచె గుడ్డను రెండు మడతలు వేయించాం.

ఆల్కహాలు సంగతి

పిల్లలున్న ఇల్లు కాబట్టి దీన్ని విడిగా చెప్పాల్సిందే. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో 0.5 శాతం దాటిన పానీయం మద్యం కిందకు వస్తుంది. సీసాలో లీటరుకు పులిసే ప్రతి 4 గ్రాముల చక్కెర ఒక వాల్యూమ్ గ్యాసుతోపాటు పావు శాతం ఆల్కహాలు కూడా చేరుస్తుంది. సీసా మూసేశాక గాలి అందదు కాబట్టి బ్యాక్టీరియా దాన్ని పులుపుగా మార్చలేదు. అంటే చిమ్మేసేంత గ్యాసు కట్టిన సీసా 0.5 దాటి ఉండటానికే అవకాశం ఎక్కువ. హైడ్రోమీటరు దీన్ని తేల్చలేదు, ఎందుకంటే ఆల్కహాలు, ఆమ్లం, చక్కెర మూడూ కలిసి దానిలో ఒకే అంకెగా కనిపిస్తాయి. అందుకే ఈ ఇంట్లో పిల్లలకు కొంబుచా ఇవ్వవద్దని గట్టిగా చెప్పాం. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు, మద్యం మానేసిన మనిషి ఉన్న ఇంటికి కూడా అదే మాట. పిల్లల కోసం చీనీ రసం, ఉప్పు, సోడా కలిపిన షర్బత్ వేరే చేస్తున్నారు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఇప్పుడు వంటకం గురించి కాదు, నీళ్లు ఎక్కడివి అని. రెండోది, తోడు జాడీలో ఏ భాగం నుంచి తీస్తున్నారని. ఇరవై శాతం సలహా ఇచ్చేముందు ఈ రెండో ప్రశ్న వేసి ఉంటే ఆ సీసా పేలేది కాదు. ఒక లోపాన్ని సరిచేసే మార్పు ఇంకేం మారుస్తుందో చూడకుండా ముందుకు వెళ్లాం. పులుపు పెంచాలని పోసిన తోడు ఈస్టును కూడా పెంచుతుందన్నది తెలియని విషయం కాదు, ఆ పూట తలపుకు రాలేదు.

చలికాలంలో మొదలుపెట్టేవాళ్లకు ఫిబ్రవరిలో ఒకసారి ఫోన్ చేసి సీసాలు మార్చమని చెబుతున్నాం. తొలి మూడు నెలలు బాగా వచ్చినవాళ్లే మార్చిలో ఎక్కువ నిబ్బరంగా ఉంటారు. కరెంటు పోయిన రోజుల గురించీ చెప్పాల్సి వచ్చింది. ఐదారు గంటలు ఫ్రిజ్ ఆగితే లోపలి సీసాలు మళ్లీ పులియడం మొదలుపెడతాయి. అలాంటప్పుడు ఒక్కో సీసానూ నొక్కి చూసి, గట్టిపడ్డవాటిని ముందు తాగేయడమో పారబోయడమో చేయాలి.

ఇంటివాళ్లు ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించుకున్నారు. తేదీ, నీళ్లు, మొదటిరోజు పీహెచ్, పొద్దున ఆరుకూ సాయంత్రం నాలుగుకూ ద్రవం వేడి, నింపిన రోజు, గట్టిపడిన గంట. రాసేది ఎక్కువగా పెద్దావిడే. మిగిలిన పదమూడు గాజు సీసాల్లో ఇప్పుడు చెనిక్కాయ నూనె పోసుకుంటున్నారు.